కలపని ఫోటో

ఆగస్టు 5

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాం. బాబుకి సంపూర్ణమ్మగారు నీళ్ళు పోశారు.

ఈ మాట బయట ఎవరికి చెప్పినా నమ్మరు. సంపూర్ణమ్మగారు మెర్సీ తల్లి. మెర్సీ ఈయన మొదటి భార్య, జ్వరంతో పోయి మూడేళ్ళయింది. పోయిన కూతురి స్థానంలోకి వచ్చినదానికి పురుడు పోయడానికి మొగల్తూరు నుంచి సంచి సర్దుకుని వచ్చిన మనిషి ఈ రెండు జిల్లాల్లో ఈవిడ ఒక్కతే అయి ఉంటుంది. నాకు అమ్మ లేదు. "తల్లి లేని పిల్ల, దానికెవరు చేత్తారు, నేనొత్తాను" అని నాకు ఎనిమిదో నెల రాగానే దిగిపోయారు. పీట మీద కాళ్ళు చాపి కూర్చుని, కాళ్ళ మీద బాబుని బోర్లా వేసుకుని, వాడు ఊరంతా వినబడేలా ఏడుస్తుంటే "ఏడువు నాయనా, ఊపిరితిత్తులు గట్టిపడతాయి" అంటారు. తర్వాత సాంబ్రాణి పొగ. తర్వాత నా చెవుల్లో దూది, తలకి గుడ్డ. వేడన్నం, వెల్లుల్లి కారం. నేను ముప్పై ఆరేళ్ళ టీచర్ని, అయినా నోరెత్తే ప్రశ్నే లేదు.

మెర్సీ కూతురు కెజియా బడి నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. భుజాన బ్యాగు దించలేదు. "తమ్ముడమ్మా, రా, చూడు" అన్నాను. మంచం దాకా వచ్చి మెడ చాచి చూసింది. చేతులు మాత్రం వెనక్కి కట్టుకునే ఉంది.

"బాగున్నాడు టీచర్" అంది. లోపలికి వెళ్ళి హోంవర్క్ మొదలుపెట్టింది.

దానికి ఒకటో తరగతి చెప్పింది నేనే. నాకూ వాళ్ళ నాన్నకీ పెళ్ళయ్యాక నన్నేమని పిలవాలో దానికెవరూ చెప్పలేదు, అదీ అడగలేదు. ఇంట్లో కూడా టీచర్‌గానే ఉండిపోయాను. నాకేం బాధ లేదు.

ఆగస్టు 6

ముట్టుకోలేదు.

ఆగస్టు 7

ఇవాళా ముట్టుకోలేదు. ఉయ్యాల పక్కనుంచి వెళ్ళాల్సి వస్తే గోడవారగా వెళుతోంది. ఈయనతో అంటే, "కొత్త కదా, అలవాటవుతుందిలే" అన్నారు. ఈయనకి అన్నీ అలవాటవుతాయి. ప్రళయం వచ్చినా రెండో రోజుకి అలవాటైపోయి పేపర్ చదువుకుంటారు.

ఆగస్టు 8

అసలు సంగతి రాయకుండా దాని చుట్టూ తిరుగుతున్నాను. ఇది నా డైరీ, చదివేవాళ్ళెవరూ లేరు. రాసేస్తాను.

సంపూర్ణమ్మగారు వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం చింతపండు పిక్కలు తీస్తూ అన్నారు. "పురుడయ్యాక వెళ్ళేప్పుడు కెజియాని నాతో తీసుకెళ్ళిపోతానమ్మాయ్. నీకిద్దరంటే కట్టం. నరసాపురంలో బడిలో వేద్దాం. నాకూ తోడుంటాది."

నేను చీపురు పట్టుకుని ఉన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మీ ఇష్టం అండి" అన్నాను.

అలా అనకుండా ఏమనాలి? కూతురు పోయిన మనిషి. ఆ కూతురి బిడ్డని అడుగుతున్నారు. పైగా నాకు పురుడు పోయడానికి వచ్చారు. ఏ నోటితో కాదంటాను? ఈయన్ని అడిగితే, "అత్తయ్యగారూ నువ్వూ ఎలా అనుకుంటే అలా" అన్నారు. కెజియాతో చెబితే, "అలాగే టీచర్" అంది. అందరం ఎంత మర్యాదస్థులమో! ఒక్క మాట కూడా తేడా రాలేదు.

బాబుకి ఇరవై ఒకటో రోజున ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. అది అవగానే ప్రయాణం.

అక్కడ దానికి బాగుంటుంది. సముద్రం దగ్గర. గాలి మంచిది. అమ్మమ్మ చేతి చేపల పులుసు. నాకేం అభ్యంతరం లేదు.

ఆగస్టు 9

స్కూల్ నుంచి స్టాఫంతా వచ్చారు. బాబుకి బట్టలు తేకుండా అందరూ కలిసి రాజమండ్రిలో ఒక స్టూడియోలో ఫోటోలకి బుక్ చేశారట. పసిపిల్లలకే ప్రత్యేకంగా తీసే స్టూడియో. బుట్టలో పెట్టి, టోపీ పెట్టి, చిన్న మంచం మీద పడుకోబెట్టి తీస్తారు. ఫోన్‌లో చూపించారు. ఒక ఫోటోలో ఐదారేళ్ళ పిల్లాడు వెల్లకిలా పడుకుని, చెల్లెల్ని గుండె మీద పెట్టుకుని, అటు ఇటు కదిలితే ఎక్కడ పగిలిపోతుందోనన్నట్టు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. చాలాసేపు చూశాను. ఫోన్ తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు.

వాళ్ళు వెళ్ళాక సంపూర్ణమ్మగారు అందుకున్నారు.

"పచ్చి బాలింత గోదారి దాటడమేంటి? పురుడెళ్ళకుండా గడప దాటకూడదు."

"బైబిల్లో ఎక్కడుందండి అలాగని?" అన్నాను, తెలివిగా.

"బైబిల్లో లేకపోతే నీకు చలిగాలి తగలదా?" అన్నారు.

మా చర్చిలో ఎవర్ని అడిగినా మనకి పురుడూ మైలా లేవంటారు. అయినా మా గుమ్మానికి వేపమండలు వేలాడుతూనే ఉన్నాయి. గాలికి మంచిదట.

ఆగస్టు 11

కెజియా బట్టలు సర్దుకుంది. ఎవరూ చెప్పలేదు. సంపూర్ణమ్మగారి సంచి పక్కన దాని చిన్న బ్యాగు పెట్టి, ఫ్రాకులన్నీ మడతపెట్టి అందులో పేర్చింది. యూనిఫారాలు మాత్రం బీరువాలోనే ఉంచేసింది. అక్కడ యూనిఫారం వేరే ఉంటుంది కదా. తెలివైన పిల్ల. ఏదీ చెప్పించుకోదు.

సాయంత్రం నా మంచం దగ్గరికి వచ్చి అడిగింది. "టీచర్, మీరిచ్చిన పెన్సిల్ బాక్సు ఇక్కడ ఇచ్చేసి వెళ్ళాలాండి?"

"అది నీదేనమ్మా. తీసుకెళ్ళు."

"థాంక్యూ టీచర్."

ఉయ్యాల్లో బాబు చెయ్యి ఒకటి గుడ్డలోంచి బయటికొచ్చి గాల్లో ఆడుతోంది. దాని జడకి జానెడు దూరం. అది ఒక అడుగు వెనక్కి వేసి వెళ్ళిపోయింది. ఇష్టం లేదు కాబోలు. కొంతమంది పిల్లలకి ఉండదు. బలవంతం చేయకూడదని మాకు ట్రైనింగ్‌లోనే చెప్పారు.

ఆగస్టు 12

పొద్దున్నుంచి ఊరికే కళ్ళనీళ్ళు వస్తున్నాయి. బాలింతలకి మామూలేనట. హార్మోన్లు.

ఆగస్టు 13

హాల్లో ఆ ఫోటోని తుడిచాను. పని చేయకూడదని సంపూర్ణమ్మగారు కేకలేశారు. అయినా తుడిచాను. ఏడాదిన్నరగా దాన్ని నేనే తుడుస్తున్నాను, ఇంకొకరు తుడిస్తే నాకు నచ్చదు.

కెజియా ఐదో పుట్టినరోజు ఫోటో అది. అప్పటికి మెర్సీ పోయి ఏడాది. తల్లి లేకుండా పిల్ల ఒక్కతే కేకు కోస్తుంటే చూడలేక, ఈయన స్టూడియోలో ఇచ్చి మెర్సీని పక్కన కలిపించారు. ఏదో పెళ్ళిలో తీసిన ఫోటో దొరికితే అందులోంచి తీసి కలిపారు. తలలో పూలదండ, పట్టుచీర. కేకు మీద వెలుగు ఒక వైపు నుంచి పడితే ఆవిడ ముఖం మీద ఇంకో వైపు నుంచి పడుతుంది. ఆవిడ కేకుని చూడదు, కూతుర్నీ చూడదు. ఎవరో పిలిస్తే తిరిగినట్టు పక్కకి చూస్తుంది, ఫ్రేము బయటికి. మన ఊళ్ళల్లో ఏ ఇంటికి వెళ్ళినా ఇలాంటివి ఉంటాయి. పెళ్ళి ఫోటోలో పోయిన నాన్న, గృహప్రవేశం ఫోటోలో పోయిన నాయనమ్మ. ఎవరికీ వింతగా ఉండదు.

నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో కెజియా నన్ను ఒకసారి అడిగింది. "మా అమ్మ ఎవర్ని చూస్తుంది టీచర్?"

తెలీదన్నాను.

స్టూడియో నుంచి ఫోన్ వచ్చింది. దేవిశ్రీ అట, ఫోటోలు తీసేది ఆవిడే. "పదిహేను రోజుల లోపు తీసుకురండి మేడమ్. తర్వాతైతే అలా ముడుచుకుని పడుకోరు. అక్క ఉందన్నారు కదా, తప్పకుండా తీసుకురండి, ముందు వాళ్ళిద్దరికే తీస్తాం. పాపకి బొమ్మలున్న బట్టలు మాత్రం వద్దండి" అంది.

వెళ్తానన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కెజియా వెళ్ళిపోయేలోపు వాళ్ళిద్దరూ ఒక్కచోట ఉన్న ఫోటో ఒక్కటి నాకు కావాలి. ఒక్కటి చాలు. అంతకంటే ఏమీ అడగను.

సంపూర్ణమ్మగారు చాలాసేపు గొణిగి, "నేను కూడా వత్తేనే" అన్నారు.

ఆగస్టు 15

ఎంత మాట అనేశాను.

సంపూర్ణమ్మగారు ఇంటికొచ్చాక నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. రాయడానికి చేతులు రావడం లేదు.

ఆగస్టు 16

నిన్న జరిగింది రాస్తాను. వరసగా రాస్తేనే నాకు అర్థమవుతుంది.

కెజియా బడిలో జెండా వందనం అయ్యాక బయల్దేరాం. ఆటోకి రెండు పక్కలా పరదాలు కట్టించారు సంపూర్ణమ్మగారు. వంతెన ఎక్కాక నేను కొంచెం తొలగించి చూశాను. కింద గోదారి ఎర్రగా, నిండుగా పోతోంది. "పరదా ముయ్యి" అన్నారు. మూసేశాను. కెజియా గుండెకి పెట్టుకున్న జెండా పిన్నుని సరిచేసుకుంటూ కూర్చుంది. మధ్యలో నేను, నా ఒళ్ళో బాబు. అది వీలైనంత చివరికి జరిగి కూర్చుంది.

స్టూడియో అంటే ఏదో అనుకున్నాను, తీరా చూస్తే పొయ్యి. పసిపిల్లలకి బట్టలు విప్పి తీస్తారు కాబట్టి హీటర్ పెట్టి, ఫ్యాన్ ఆపేశారు. ఆగస్టు ఉక్కకి అదొకటి. ఒక చిన్న మెషిన్ వర్షం పడుతున్నట్టు 'ష్' మని శబ్దం చేస్తూ ఉంది. అది వింటే కడుపులో ఉన్నట్టే ఉంటుందట వాళ్ళకి. దేవిశ్రీ సన్నగా, జుట్టు ముడేసుకుని, మోకాళ్ళ మీదే నడుస్తూ పని చేస్తోంది. బాబుని పల్చని గుడ్డలో చేతులూ కాళ్ళూ లోపలికి పెట్టి చుట్టేసింది. వాడు ఏడవను కూడా లేదు, హాయిగా నిద్రపోయాడు.

"పూతరేకు చుట్టినట్టు చుట్టేసిందే" అన్నారు సంపూర్ణమ్మగారు. ఆవిడ ఒకరి పని మెచ్చుకోవడం నేను వినడం అదే మొదటిసారి.

చోటు చాలదని ఈయన్ని కింద ఉండమన్నారు. ఆయన టీ తాగడానికి వెళ్ళారు.

దేవిశ్రీ నేల మీద పరుపు వేసి, "రామ్మా, ఇక్కడ పడుకో, తమ్ముణ్ణి నీ పక్కన పెడతాను" అంది. కెజియా చేతులు వెనక్కి కట్టుకుంది.

"వద్దండి."

"నేను పట్టుకునే ఉంటానమ్మా. పడిపోడు."

"వద్దాంటీ."

దేవిశ్రీ ఇంక బతిమాలలేదు. రోజూ చూసే వ్యవహారమే అనుకుంటాను. నా వైపు తిరిగి మెల్లగా చెప్పింది. "ఏం పర్లేదండి. దగ్గరికి రాని పిల్లలకి విడివిడిగా తీసి, తర్వాత కంప్యూటర్లో కలిపేస్తాం. అస్సలు తేడా తెలీదు."

"అలాగేనండి" అన్నాను. నాకు నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట అదొక్కటే.

బాబు ఉండాల్సిన చోట ఒక తువ్వాలు చుట్టి పెట్టింది. "దీని మీద చెయ్యి వేసి పడుకో తల్లీ. ఇదే తమ్ముడనుకో." కెజియా చెప్పినట్టే పడుకుంది. చెప్పినట్టే చెయ్యి వేసింది. అది ఎప్పుడూ చెప్పినట్టే చేస్తుంది. దేవిశ్రీ కెమెరా తీసి, "ఇటు చూడు, ఇటు" అంటోంది. కెజియా ఇటు చూడలేదు, తువ్వాల్నీ చూడలేదు. పక్కకి, పరుపు బయటికి చూసింది. హాల్లో ఫ్రేములో మెర్సీ చూపు అదే. తల్లీ కూతుళ్ళ పోలికలని తర్వాత అనుకున్నాను కానీ అప్పుడు నాకు భయం వేసింది.

"ఆంటీ" అంది కెజియా, పడుకునే. "నేను మొగల్తూరు వెళ్ళిపోయాక కలుపుతారా, ముందే కలుపుతారా?"

"ఎప్పుడైనా కలపొచ్చమ్మా. ఎందుకు?"

"మా అమ్మని కూడా ఇలాగే కలిపారు. అమ్మ ఇంట్లో లేదు కదా, అందుకని. నేనూ ఇంక ఉండను కదా."

ఏడుస్తూ అనలేదు. పాఠం అప్పజెప్పినట్టు అంది. నా క్లాసులో ఎలా చెప్పేదో అలాగే, తప్పు పోకుండా. హాజరు లేనివాళ్ళని ఫోటోలో ఎలా కలుపుతారో దానికి బాగా తెలుసు, ఇప్పుడు తనకే ఆ పని జరుగుతోందని అనుకుంది. అనుకోవడమేంటి, జరుగుతున్నది అదే.

"కలపొద్దు!" అని అరిచాను. క్లాసులో కూడా అంత గొంతు ఎప్పుడూ ఎత్తలేదు. "ఏం కలపక్కర్లేదు. కెజియా ఎక్కడికీ వెళ్ళడం లేదు."

బాబు ఉలిక్కిపడి లేచి ఏడుపందుకున్నాడు. నేను ఆగలేదు. సంపూర్ణమ్మగారి వైపు తిరిగి అనేశాను. "పంపనండి. మీకు కోపమొచ్చినా సరే, నేను పంపను. పిల్ల నాకు కావాలి."

ఆవిడ నా ముఖం వైపు చూశారు. దేవిశ్రీ కెమెరా పట్టుకుని గోడకి అతుక్కుపోయింది, పాపం.

కెజియా లేచి కూర్చుంది. నన్ను చూసింది, అమ్మమ్మని చూసింది. "నిజంగా టీచర్?" అంది.

"నిజంగా."

అది తువ్వాలుని తీసి పక్కన పెట్టేసింది. బాసింపట్టు వేసుకుని కూర్చుని రెండు చేతులూ చాపింది. "అయితే తమ్ముణ్ణి ఇవ్వండి" అని, వెంటనే చేతులు వెనక్కి తీసుకుని, "ముందు ఆ మందు నీళ్ళు వెయ్యండి, చేతులు కడుక్కోలేదు" అంది. దేవిశ్రీ శానిటైజర్ వేసింది. అరచేతులు, వేళ్ళ సందులు, మోచేతుల దాకా రుద్దుకుంది. డాక్టర్ గారు కూడా అంత రుద్దుకోరు.

దేవిశ్రీ బాబుని దాని ఒళ్ళో పెట్టి, కింద నుంచి తన చెయ్యి పట్టే ఉంచింది. వాడు ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు. "ఊపిరి తీస్తున్నాడో లేదో దగ్గరగా చూసి చెప్పమ్మా నాకు" అంది. కెజియా వంగి వాడి ముక్కు దగ్గర తన ముక్కు పెట్టింది.

"తీస్తున్నాడు. పాల వాసన వస్తున్నాడు." తర్వాత ఆశ్చర్యంగా, "వేడిగా ఉన్నాడు టీచర్!" అంది.

ఇన్ని రోజులూ వాడు ఎలా ఉంటాడని అనుకుందో నాకు తెలీదు. వెళ్ళిపోయేదాన్ని కదా, అలవాటు చేసుకోకూడదనుకుందట. రాత్రి వాళ్ళ నాన్నకి చెబుతుంటే విన్నాను. ఇష్టం లేదు కాబోలని రాశాను మొన్న. ట్రైనింగ్ అట, ట్రైనింగ్!

అప్పుడే వాడు దాని ఫ్రాకు తడిపేశాడు. అది కిలకిలా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో. దేవిశ్రీ కెమెరా టకటకమంటూనే ఉంది.

"టీచర్, మీరు కూడా రండి" అంది కెజియా.

"నేనెందుకమ్మా, ఈ అవతారంతో?" తలకి గుడ్డ, చెవుల్లో దూది, చెమటకి ఒంటికి అతుక్కుపోయిన చీర.

"రండి. లేకపోతే తర్వాత మిమ్మల్ని కలపాలి."

వెళ్ళి దాని పక్కన కూలబడ్డాను. నడుము నొప్పి ఒకటి, ఏడుపు ఒకటి, నవ్వు ఒకటి. మూడూ కలిసి వచ్చాయి.

"అమ్మమ్మా, నువ్వూ రా."

సంపూర్ణమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి, తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. నవ్వు నా ముఖం మీదే ఆరిపోయింది.

ఇంతలో ఈయన ఫ్లాస్కు పట్టుకుని పైకొచ్చారు. "అయిపోయిందా?" అన్నారు. పెళ్ళయిపోయాక వచ్చి అక్షింతలేవని అడిగే చుట్టంలాగా.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కెజియా నా భుజానికి ఒరిగి నిద్రపోయింది. వంతెన పొడుగునా సంపూర్ణమ్మగారు పరదా వైపే తిరిగి కూర్చున్నారు. ఇంటికొచ్చాక నీళ్ళు కాచారు, నాకు అన్నం పెట్టారు, బాబుకి పొగ వేశారు. మాట లేదు.

నేను ఆవిడని ఎంత కష్టపెట్టానో నాకు తెలుసు. పురుడు పోసిన చేతుల్ని కరిచినట్టయింది. అయినా కెజియాని పంపను. ఈ రెండూ ఒకేసారి నిజం.

ఆగస్టు 17, ఆదివారం

ఈయన కెజియాని తీసుకుని చర్చికి వెళ్ళారు. నేను పాలిస్తున్నాను. సంపూర్ణమ్మగారు గదిలోకి వచ్చి, మూలనున్న కెజియా బ్యాగు తెరిచి, ఫ్రాకులు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టడం మొదలుపెట్టారు. అన్నీ అయ్యాక మంచం మీద నా కాళ్ళ దగ్గర కూర్చున్నారు.

"ఏమ్మాయ్. ఆ మాట అనడానికి నీకు ఇన్నాళ్ళు పట్టిందా?"

నాకు అర్థం కాలేదు.

"నేను తీసుకెళ్తానని ఎందుకన్నాననుకున్నావ్? నీ కడుపున బిడ్డ పుడుతున్నాడు. మొదటిదాని పిల్ల అడ్డమని నీకుంటే నువ్వు నోరు తెరిచి అనలేవు. మర్యాదగలదానివి. నీకా ఇబ్బంది లేకుండా నేనే అడిగేత్తే పోద్ది కదా అని అన్నాను. నువ్వు 'అయ్యో, వద్దండి' అంటావేమోనని చీపురు ఆగేదాకా చూశాను. 'మీ ఇష్టం అండి' అన్నావ్. సరే, వదిలించుకోవాలనే ఉంది దీనికి అనుకున్నాను."

"అయ్యో, మీకు కావాలేమో అనుకున్నానండి. కూతురి బిడ్డ కదా, నేను కాదంటే మీరు బాధపడతారని."

"నాకు డెబ్బై దాటాయి. మోకాళ్ళు చెప్పిన మాట వినవు. ఏడేళ్ళ పిల్లని రోజూ నరసాపురం బడికి ఎవరు దింపుతారు, నువ్వొత్తావా?"

ఇద్దరం ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళం చూసుకున్నాం. ముందు ఆవిడే నవ్వారు. నేను నవ్వడం మొదలుపెడితే కుట్లు లాగాయి, అయినా ఆపలేకపోయాను. బాబు పాలు వదిలేసి, ఇదేం గోల అన్నట్టు చూశాడు. ఎంత గండం గడిచింది! ఒకళ్ళ మనసు ఒకళ్ళు నొప్పించకూడదని, అండీ అంటే అండీ అని, బంగారంలాంటి పిల్లని మొగల్తూరు బస్సు ఎక్కించేసేవాళ్ళం. ఇంత మర్యాద ఒంటికి మంచిది కాదు.

"మరి మొన్న బయటికెందుకు వెళ్ళిపోయారండి? మాట్లాడలేదు కూడా. కోపమనుకుని నేను చచ్చిపోయాను."

"ఏడుపొచ్చింది. పచ్చి బాలింత ముందు ఏడవకూడదు, పాలకి మంచిది కాదు. నోరు తెరిత్తే ఏడుపే వత్తాదని ఊరుకున్నాను." కాసేపు బాబు పాదాలు సవరించారు. "కావాలని లేదా అంటే, ఎందుకుండదు? దాని నడక చూత్తే మా పిల్లే నడుత్తున్నట్టుంటాది. దసరా సెలవులకి పంపు. పంపి, మళ్ళీ తీసుకెళ్ళు. మర్చిపోయి వదిలెయ్యకు."

"మీ ఇ..." అన్నాను. నాలుక కరుచుకున్నాను. "సెలవులు అయిన రోజునే వచ్చి తీసుకొచ్చేస్తానండి. ఒక్క రోజు కూడా ఎక్కువ ఉంచను."

"అదీ, అలా అను" అని నా చెవిలో దూది సరిచేశారు.

నాకు ఎంత తేలిగ్గా ఉందో రాయడం చేతకావడం లేదు. సాయంత్రం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆగస్టు 18

ఎత్తుకుంది. దింపమంటే దింపదు.

ఆగస్టు 19

ఉయ్యాల ఊపే పని ఎవరిదని పెద్దమనిషిలా పంచాయితీ పెట్టింది. తనదేనట. వాళ్ళ నాన్నకి శనివారం మాత్రం ఇస్తుందట.

ఆగస్టు 22

కూడిక బాగా జరిగింది. వాన పడ్డా అందరూ వచ్చారు. ప్రార్థన మధ్యలో బాబు ఏడిస్తే, పాస్టర్ గారు కళ్ళు మూసుకుని ఉండగానే కెజియా లేచి వచ్చి వాణ్ణి నా ఒళ్ళోంచి తీసుకుంది. చెయ్యి మెడ కింద పెట్టి మరీ. నేను ఆమెన్ అనడం మర్చిపోయాను.

ఆగస్టు 24

సంపూర్ణమ్మగారు పొద్దున బస్సుకి వెళ్ళారు, ఒక్కరే. బస్సు కాంప్లెక్సు దాకా నేను రాకూడదన్నారు, గాలి తగులుతుందని. గుమ్మం దగ్గర నా నెత్తిన చెయ్యి పెట్టి, "దూది తియ్యకు" అన్నారు. ఇల్లు బోసిపోయింది. సాంబ్రాణి వాసన మాత్రం ఇంకా ఉంది. కెజియా కాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఈసారి హార్మోన్లు కాదు.

ఆగస్టు 28

దేవిశ్రీ ఫోటోలు పంపింది. ముందు ఫోన్ చేసి అడిగింది. "మేడమ్, బాబు బుట్టలో నిద్రపోతున్నవి చాలా బాగా వచ్చాయండి. మీరు ముగ్గురూ ఉన్నది ఒకటుంది. అందులో మీ చెవుల్లో దూది కనబడుతోంది, బాబు నోరు తెరిచి ఏడుస్తున్నాడు, పాప ఫ్రాకు తడిసింది. దూదీ మరకా కంప్యూటర్లో తీసేస్తాను. బాబు నవ్వుతున్న ముఖం వేరే దాంట్లోంచి తీసి పెట్టమంటారా?"

"వద్దండి" అన్నాను. ఈ మధ్య ఈ మాట నాకు బాగా వస్తోంది. "ఏదీ తియ్యొద్దు. ఏదీ కలపొద్దు."

ఆ ఫోటోనే పెద్దది చేయించాం. బాబు నోట్లో అంగిలి దాకా కనబడుతుంది. కెజియా వాణ్ణి గట్టిగా పట్టుకుని, కెమెరా వైపు కాకుండా నా వైపు చూస్తోంది. నేను మాత్రం చూడ్డానికి పిచ్చిదానిలా ఉన్నాను. ఇంతకంటే మంచి ఫోటో నాకు లేదు.

ఇవాళ సాయంత్రం ఈయన సుత్తీ మేకూ పట్టుకుని, "ఎక్కడ పెడదాం?" అన్నారు. మీ ఇష్టం అనబోయి ఆగాను. నేనేదో చెప్పేలోపే కెజియా కుర్చీ లాక్కుని ఎక్కింది. మెర్సీ ఫ్రేముకి కుడి పక్కన ఖాళీ గోడ మీద వేలు పెట్టింది.

"ఇక్కడ నాన్నా."

"అక్కడ వెలుతురు రాదే. ఎదురు గోడకైతే..."

"ఇక్కడే. అమ్మ ఇటే చూస్తుంది కదా."

ఈయన మేకు కొట్టారు. కొంచెం వంకరగా దిగింది. కెజియా కుర్చీ దిగి, రెండు ఫ్రేముల్నీ మార్చి మార్చి చూసి, సరిపోయిందన్నట్టు తల ఊపి, బాబు లేచాడేమో చూడటానికి లోపలికి వెళ్ళింది.